ఇంటికొక వేలిముద్ర

"ఆ ఏలు నీదా కాదా, అది సెప్పు అయ్యా. అంతే అడుగుతన్నాను."

రాధ ఈ మాట అడగడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి. పైడయ్య మాత్రం గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటూనే ఉన్నాడు. వల కన్నులో దారం పోసి, ముడి వేసి, పళ్ళతో తెంపి, పక్క కన్నుకి పోతున్నాడు. ఆ వల నిన్ననే బాగయిందని ఇంట్లో అందరికీ తెలుసు. చిరుగు లేనిచోట ముడులు వేస్తున్న మనిషిని ఎన్నిసార్లు అడిగి మాత్రం ఏం లాభం?

సముద్రం మీద మంచు ఇంకా విడలేదు. పెద్ద జాలారిపేట ఒడ్డున పడవలు సగం కనిపించి సగం కనిపించకుండా ఉన్నాయి. రాధకి తెల్లవారే ముందు వచ్చిన కల ఇంకా కళ్ళలోంచి పోలేదు. కలలో సముద్రం చప్పుడు చేయకుండా వీధిలోకి వచ్చింది. గుమ్మం దాకా వచ్చి, ఏదో అడగడానికి వచ్చిన చుట్టంలా కాసేపు నిలబడి, అడగకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. లేచాక గుమ్మం తడిసిందేమోనని చూసింది రాధ. గుమ్మం పొడిగానే ఉంది. అందులో తండ్రి కూర్చుని ఉన్నాడు.

"ఒలే గుంటా, ముందు ఆ టీ తాగు. సల్లారిపోతంది," అంది పాపాయమ్మ. ఆమె చేపల గంప అప్పటికే సర్ది ఉంది. బజారుకి బయల్దేరవలసిన వేళ దాటిపోయింది కూడా. అయినా కదలకుండా పొయ్యి దగ్గరే నిలబడింది. ఇంట్లో గొడవ మధ్యలో వదిలేసి వెళ్ళడం ఆమెకి చేతకాదు.

రాధ ఫోను తీసి తండ్రి ముఖం ముందు పెట్టింది. నిన్న సాయంత్రం ఆమె పనిచేసే రొయ్యల కంపెనీ ఆఫీసు నుంచి వచ్చిన ఫోటో అది. టైపు కొట్టిన కాగితం. రాధ అనే నేను సూపర్‌వైజరు ఉదయ్‌కుమార్ గారి మీద ఇచ్చిన ఫిర్యాదు పెద్దల సమక్షంలో రాజీ కుదిరినందున వెనక్కి తీసుకుంటున్నాను, అని నాలుగు వరుసలు. కింద రాధ పేరు. పేరు మీద నల్లటి వేలిముద్ర.

"నాను ఇంటరు సదివేను. సంతకం పెట్టడం వొచ్చు నాకు. నా పేరు మీద ఏలేసింది ఎవలు?"

దారం పళ్ళ మధ్య ఆగింది. "ఊరి కాయితం అన్నారు. ఏసేను," అన్నాడు పైడయ్య, వల వంకే చూస్తూ.

పొయ్యి మీద పాలు పొంగబోతే పాపాయమ్మ గిన్నె దించింది.

"ఊరి కాయితం మీద నా పేరెందుకుంతాది అయ్యా?"

"నాకు సదువొచ్చేటి? గంగాలమ్మ గుడికాడ పెద్దలు కూకున్నారు. ఆ సూపర్‌వైజరు మన ఒడ్డుకొచ్చి, అందరి ముందర తప్పయిపోనాదని సెప్తాడన్నారు. ఇంకమీదట నీ జోలికి రాడన్నారు. ఇంకేటి కావాల? అయిపోనాది కదా అనుకున్నాను."

"అయిపోనాదని నువ్వనుకుంటే అయిపోతాదా?"

ఇక్కడ పైడయ్య తరఫున ఒక మాట చెప్పాలి. ఆ పేటలో ఇంటికొకటే వేలు. వల తెగిన తగువైనా, పడవ నిలిపే చోటు గురించిన పేచీ అయినా, అమ్మవారి పండగ పనుల పంపకమైనా, ఇంటి పెద్ద వేలు వేస్తే ఇంట్లో అందరూ వేసినట్టే. పైడయ్య తండ్రి వేలు పైడయ్య పెళ్ళి కుదిర్చింది. పైడయ్య వేలు తమ్ముళ్ళ తగువులు తీర్చింది. ఒకసారి పాపాయమ్మ పక్కింటావిడ జుట్టు పట్టుకున్నప్పుడు క్షమాపణ కూడా ఆ వేలే చెప్పింది. పాపాయమ్మ మాత్రం ఈనాటికీ చెప్పలేదు.

అంత పని చేసిన వేలికి ఇప్పుడు గీతలు మిగల్లేదు. ముప్ఫై ఐదేళ్ళు తాళ్ళు లాగి లాగి నున్నగా అయిపోయింది. రేషను మిషను మీద పెడితే అది ఆయన్ని గుర్తుపట్టదు. పాపాయమ్మ వేలు పెడితేనే ఇంటికి బియ్యం వస్తాయి.

రాధ వేలిదీ అదే కథ. నాలుగేళ్ళుగా రొయ్యల కంపెనీలో మంచునీళ్ళలో చెయ్యి పెట్టి తొక్కు తీస్తోంది. హాజరు మిషను మూడుసార్లు కూసి ఎర్రలైటు చూపిస్తుంది. గేటు దగ్గర గార్డు నవ్వుకుంటూ పుస్తకంలో పేరు రాసుకుంటాడు. "మనిద్దరం మిషనుకి కనపడం అయ్యా," అని రాధ ఒకప్పుడు నవ్వేది. పైడయ్య కూడా నవ్వేవాడు. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి రాధ ఫోను బోర్లించి పెట్టింది.

"పదకొండుకి కంపెనీ కమిటీ పిలిసింది," అంది. "నాదేనా అని అడుగుతారు. కాదని సెప్పేస్తాను."

"సెప్పు. సెప్పీసి రా," అంది పాపాయమ్మ. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మరి రేపు పడవకి బుజం ఎవలిస్తారు? పది మంది బుజం పెడితే గానీ అది నీళ్ళలోకి దిగదు కదేటి. ఊరి ముందర ఇచ్చిన మాట తప్పినోడి పడవని ముట్టుకుంతారా? ఆ సివరి ఇంటోళ్ళు మాట తప్పి ఏటయిపోనారో నీకు తెల్దా? పడవ ఇసకలోనే ఎండి పగిలిపోనాది. ఇప్పుడు కంచరపాలెంలో అద్దె గదిలో ఉంతన్నారు. సముద్రం సూసి ఎన్నాళ్ళయిందో ఆళ్ళు."

రాధకి ఆ పడవ తెలుసు. చిన్నప్పుడు దాని నీడలో ఆడుకుంది. పగుళ్ళలోంచి ఇసుక మీద సన్నని వెలుగు గీతలు పడేవి. అందులో పడుకుంటే నీళ్ళ అడుగున ఉన్నట్టుండేది. అందరూ ఆ పడవని చూసి భయపడేవారు, రాధకి మాత్రం అది ఎంత ఇష్టంగా ఉండేదో.

అద్దం ముందు అన్న సింహాద్రి తల దువ్వుకుంటున్నాడు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు. కంపెనీ బస్సు డ్రైవరు అతను. పేట ఆడవాళ్ళనీ, దారిలో కంచరపాలెం ఆడవాళ్ళనీ ఎక్కించుకుని ఆటోనగర్ అవతల కంపెనీ దాకా తీసుకెళ్ళేది అతనే. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. టీ గ్లాసు ముట్టుకోలేదు.

"ఆ కాయితం గుడికాడికి ఎవలు తెచ్చేరు?" అని అడిగింది రాధ.

దువ్వెన అద్దం మీద టక్కుమని తగిలింది. పైడయ్య ఇంకో ముడి వేశాడు. పాపాయమ్మ పాల గిన్నెలోకి చూస్తూ నిలబడింది.

"ఊరోళ్ళే," అన్నాడు పైడయ్య.

"బండి టైమైపోతంది," అన్నాడు సింహాద్రి, ఎవరి వంకా చూడకుండా. చెప్పులేసుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

* * *

బస్సులో రాధ పక్క సీటు ఈమధ్య ఖాళీగా ఉంటోంది. ఎవరూ ఆమెని ఏమీ అనరు. నవ్వుతారు, తిన్నావా అని అడుగుతారు, వెళ్ళి ఇంకోచోట కూర్చుంటారు. ఫిర్యాదు అంటుకునే జబ్బేమీ కాదని వాళ్ళకీ తెలుసు. కానీ పొద్దున్నే ధైర్యం ఎవరికి వస్తుంది?

రాధ కిటికీకి తల ఆనించింది. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ చల్లని గది కనిపిస్తుంది. అంతా తెలుపు. తెల్ల గౌన్లు, తెల్ల గోడలు, గాలిలో తెల్లటి ఆవిరి. అందరి ముఖాలకీ మాస్కులు. ఎవరు ఎవరో టోపీ రంగుని బట్టి తెలుసుకోవాలి. తొక్కు తీసేవాళ్ళకి పసుపు, సూపర్‌వైజర్లకి నీలం. చేతులు వాటి పని అవి చేసుకుంటుంటే మనసు ఎక్కడికైనా పోవచ్చు. నాలుగేళ్ళలో రాధ ఆ బల్ల దగ్గర నిలబడే ఎన్నో ఊళ్ళు తిరిగింది, ఎన్నో చీరలు కట్టుకుంది, ఒకసారి విమానం కూడా ఎక్కింది.

తర్వాత ఉదయ్‌కుమార్ నీలం టోపీ ఆ కలల్లోకి వచ్చింది. సరుకు లెక్క చూడాలని ఆమెని కోల్డు స్టోరులోకి పిలిచేది. "మాస్కు దించు. ముఖం చూడకుండా ఎవరో నాకెలా తెలుస్తుంది?" అనేది. మొదటిసారి రాధ నిజమేననుకుని దించింది. రెండోసారి నడుం మీద చెయ్యి పడింది. మూడోసారి ఆమె ఆ చెయ్యి తోసేసింది. మర్నాటి నుంచి ఆమెని బల్ల దగ్గర్నుంచి తీసేసి ఐసు గదిలో వేశారు. అక్కడ గంట నిలబడితే కాళ్ళు తనవి కాకుండా పోతాయి. ఆ కాళ్ళతోనే నడుచుకుంటూ వెళ్ళి, కంపెనీలోని కమిటీకి మూడు పేజీల ఫిర్యాదు రాసిచ్చింది రాధ. కింద పొడుగ్గా సంతకం పెట్టింది. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు.

కంచరపాలెం రైల్వే గేటు దగ్గర బస్సు ఆగింది. గూడ్సు బండి వెళుతోంది, ఒక్కొక్క పెట్టే తీరుబడిగా. ఆ చప్పుడు మాటున వెనక సీటులోంచి రాణి ముందుకి వంగింది. రాణిది రాధ పక్క బల్ల.

"సెప్పీ రాధా. అది నీ ఏలు కాదని సెప్పీ."

"నీకెలా తెలుసు?"

"ఆ కాయితం సంగతి బస్సులో అందరికీ తెలుసు. నువ్వు ఏలేసే రకం కాదని నాకు తెల్దేటి? సంతకం పెట్టేటప్పుడు సివర్న తోక లాగుతావు కదా." రాణి గొంతు ఇంకా తగ్గించింది. "నువ్వు సెప్తే నానూ సెప్తాను. నన్నూ పిలిసేడు కోల్డు స్టోరులోకి. ఇంకో ఇద్దర్ని పిలిసేడు. నువ్వు వొదిలేస్తే మేం ఇంక నోరిప్పం."

గూడ్సు బండి అయిపోయింది. గేటు లేచింది. రాణి ఏమీ ఎరగనట్టు వెనక్కి వాలింది.

రాధ తలెత్తేసరికి డ్రైవరు అద్దంలో అన్న కళ్ళు కనిపించాయి. ఆ కళ్ళు ఆమెవైపే ఉన్నాయి. చిన్నప్పుడు ఈ అన్నే ఆమెని భుజాల మీద ఎక్కించుకుని అలల్లోకి దిగేవాడు. "పట్టుకో, వొదిలీకు," అని అరిచేవాడు. ఇప్పుడు కూడా ఏదో అంటాడనుకుంది. సింహాద్రి చెయ్యి చాపి బస్సులో మోగుతున్న పాట ఆపేశాడు. కంపెనీ వచ్చేదాకా మళ్ళీ అద్దంలోకి చూడలేదు.

* * *

పదకొండుకి పది నిమిషాల ముందు మేడమీద వరండాలో రాధ ఒంటరిగా నిలబడింది. మెట్లెక్కి ఒక నీలం టోపీ వచ్చింది. ముఖానికి మాస్కు ఉన్నా నడక తెలిసిపోయింది. ఆమె గోడకి దగ్గరగా జరిగింది.

"ఊళ్ళో పెద్దలు సర్దుబాటు చేశారట కదా," అన్నాడు ఉదయ్‌కుమార్, ఆగకుండానే, మెత్తగా. "మీ నాన్న పెద్దమనిషి. ఆయన మాట నిలబెట్టు."

అంతే. వెళ్ళిపోయాడు. ఎవరైనా విన్నా అందులో తప్పేముందని అంటారు. తన ఇంటి గౌరవాన్ని వాడు నోట్లో వేసుకుని నములుతున్నట్టు అనిపించి రాధకి ఒళ్ళు మండిపోయింది.

గదిలో నలుగురున్నారు. మాట్లాడేది ఇద్దరే. ఒకరు కమిటీ పెద్ద నీలిమ మేడం, కంపెనీ ల్యాబులో అధికారి. రెండోవారు హేమశ్రీ గారు, బయటి మహిళా సంఘం నుంచి వచ్చి కమిటీలో కూర్చునే నడివయసు మనిషి. ఏసీ సన్నగా హోరుమంటోంది. ఆ హోరు వింటుంటే రాధకి మళ్ళీ గుమ్మం దాకా వచ్చిన సముద్రం గుర్తొచ్చింది.

నీలిమ కాగితం ముందుకి జరిపింది. "ఈ వేలిముద్ర నీదేనా రాధా?"

రాధ చూసింది. ఫోటోలో కన్నా నల్లగా, నున్నగా ఉంది. ఒక్క గీత లేదు. ఆ వేలు పట్టుకునే కదా నడక నేర్చుకుంది.

"ఆఫీసువాళ్ళు నీదే అంటున్నారు," అంది నీలిమ. "నీ వేలు మిషన్‌లో పడదు కదా, ఇందులోనూ గీతలు లేవు కదా అని వాళ్ళ వాదన. పరీక్షకి పంపినా ఏమీ తేలకపోవచ్చు."

"ముద్ర సంగతి వదిలెయ్యండి," అంది హేమశ్రీ. "మనం అడగాల్సింది ఈ అమ్మాయిని. చూడు తల్లీ, రాజీ కావాలని అడిగే హక్కు ఫిర్యాదు చేసిన మనిషికే ఉంది. మీ నాన్నకి లేదు, మీ ఊరికి లేదు, కంపెనీకి అసలే లేదు. ఇది నీ మాటేనని నువ్వంటే ఫైలు ఇక్కడితో ఆగుతుంది. కాదంటే విచారణ నడుస్తుంది. ఆపేసి మళ్ళీ ఎప్పుడో మొదలెడదామంటే తేలిక కాదు. ఫిర్యాదుకి గడువు, అది జరిగిన రోజు నుంచి మూడు నెలలు. అది పోయిన వారమే దాటింది. గడువు పెంచమని అడగొచ్చు గానీ, పెంచుతారని నేను మాటివ్వలేను."

అవును అనడం ఎంత సులువు! ఒక్క మాట. రేపు పొద్దున్న పది భుజాలు ఆనుతాయి, పడవ ఇసుక దిగి నీళ్ళలోకి జారుతుంది, అయ్య ముందుకి దూకి ఎక్కుతాడు. రాధకి అదంతా కళ్ళ ముందే జరిగినట్టుంది. తర్వాత తను వచ్చి ఐసు గదిలో నిలబడుతుంది. పక్కన రాణి ఉంటుంది, నోరిప్పకుండా. తలుపు తీసుకుని ఎవరో వస్తారు. మాస్కు దించు అంటారు.

"నాది కాదు," అంది రాధ.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మరి ఎవరిది?"

"అది నన్నడక్కండి మేడమ్."

"అడగాలి రాధా. నీ పేరుతో ఇంకొకరు వేలు వేస్తే అది చిన్న విషయం కాదు."

రాధ తల దించుకుంది. అంతలో తలుపు తట్టి గార్డు లోపలికి తొంగిచూశాడు.

"మేడం, గేటుకాడ ఒక పెద్దాయన గంట నుంచి కూర్చున్నాడు. లోపలికి పంపితే గానీ కదలనంటున్నాడు. ఈ అమ్మాయి తండ్రిని అంటున్నాడు."

కింద హాలు దాటి రావాలంటే ఎవరికైనా గౌను, టోపీ, మాస్కు తప్పవు. పైడయ్యకి కూడా తొడిగారు. గౌను కింద లుంగీ అంచు కనిపిస్తోంది. తలమీద టోపీ పసుపుపచ్చది. మాస్కు పైన కళ్ళు రెండే మిగిలాయి. రాధ ఒక్క క్షణం ఇదీ కలేననుకుంది.

ఆయన ఎవరికీ దండం పెట్టలేదు. కూతురి దగ్గరికి వచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు.

"ఇక్కడేనా నువ్వు పన్సేసేది?" అన్నాడు. "ఇంత సలా? నాలుగేళ్ళలో ఒక్కనాడూ సెప్పనేదేటే."

"నువ్వడగనేదు కదయ్యా."

"నేదు," అన్నాడు పైడయ్య. "అడగనేదు."

తర్వాత బల్ల వైపు తిరిగి బొటనవేలు చాపాడు.

"ఆ ఏలు నాదమ్మా. మా కాడ ఇంటికొకటే ఏలు. పెళ్ళానికీ, పిల్లలకీ అందరికీ నానే ఏస్తాను. ఆ అలవాటునే ఏసీసేను. పొద్దున్న ఈ గుంట నాలుగుమార్లు అడిగితే నోరు రానేదు నాకు. అది బస్సెక్కి ఎలిపోనాక, దాని తల్లి నా సేతిలోంచి వల లాగీసి అవతల పారీసింది. లెగు, పో అన్నాది." ఆయన వేలు కాగితం మీద ఆనింది. "ఊళ్ళో మాట పోతే పోతాది. పడవకి బుజం ఇవ్వకపోతే ఇవ్వరు. దాని మాట మీద నా ఏలు ఉండకూడదు. తీసీండి."

రాధ కళ్ళు నిండిపోయాయి. చెయ్యి తండ్రి చేతిలోనే ఉంచేసింది. రెండు నున్నటి వేళ్ళు, మిషను చూడలేనివి, ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

హేమశ్రీ గబగబా రాసుకుంది. రాసింది చదివి వినిపించింది. పైడయ్య తలూపాడు. అందరూ ఊపిరి తీసుకున్నారు. నీలిమ మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందు పెట్టింది.

"ఇంకొక్కటి, పైడయ్య గారూ," అంది హేమశ్రీ, కాగితం తిరగేస్తూ. "ఇది మీ ఊళ్ళో టైపు చేసింది కాదు. కంపెనీ కాగితం. ఇక్కడి నుంచి మీ గుడి దాకా ఎవరో మోసుకొచ్చారు. మీ చేతికి ఇచ్చింది ఎవరు?"

పైడయ్య గ్లాసు వైపు చాపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆయన చూపు కిటికీ మీదకి పోయింది. రాధ కూడా అటు చూసింది.

కింద ఎండలో కంపెనీ బస్సు ఆగి ఉంది. సింహాద్రి గుడ్డ పట్టుకుని ముందు అద్దం తుడుస్తున్నాడు. అద్దం తళతళలాడుతోంది. అయినా తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

ముట్టుకోని టీ, ఆగిపోయిన పాట, అద్దంలోంచి తప్పుకున్న కళ్ళు అన్నీ ఒక్కసారే రాధకి అర్థమయ్యాయి. ఆ కాగితం మోసుకొచ్చింది అన్నే.

"అయ్యా," అంది. చెప్పమంటోందో, వద్దంటోందో ఆమెకే తెలియలేదు.

హేమశ్రీ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. పైడయ్య చెవుల మీది తాళ్ళు ఒక్కొక్కటే తప్పించి, మాస్కు దించాడు.